ఇంగ్లండువారి నిడువిల్లు



ధనుస్సనగానే శ్రీరామచంద్రుని కోదండమును, అర్జునుని గాండీవమును మన మనస్సులకు స్ఫురించును. జనకుని సభలో శివధనుస్సు విఱిగిన కథ మన పల్లెలలో పసివానికి సైత మెఱుకయే. ముప్పదియైదేండ్లు నేను బడిలో తెలుగు చెప్పితిని. ఆ ఘట్టము చెప్పునపుడెల్ల "ఆ విల్లు ఏ కర్రతో చేశారండీ?" అని యడుగు బాలుడొక డుండకపోడు. పురాణధనుస్సుల విషయమున నా ప్రశ్నకు పురాణములే సమాధానము చెప్పవలెను. కాని ప్రశ్న మాత్రము మిక్కిలి మంచిది. విల్లనగా నొక కఱ్ఱయు నొక త్రాడునే కదా! ఇంతమాత్రపు వస్తువులలో నొకదానికి 80 పెన్నీలును, వేఱొకదానికి 24 పెన్నీలును వెల నిర్ణయించి యొక రాజ్యము శాసనము చేసినది. ఆ భేదమున కాధార మేమి? మేలైన వింటికి లక్షణ మేమి? ఈ ప్రశ్నలకు సాక్ష్యములతో కూడిన యుత్తరము నీయగలది ఇంగ్లండుదేశపు నిడువిల్లు. దాని చరిత్రమునే నేడు మీకు విన్నవింపబూనితిని.

ముందుగా మన శాస్త్రములు వింటిని గూర్చి చెప్పిన రెండు మాటలు తలచుకొందము; పోలికకు పనికివచ్చును. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని విధులను చెప్పుచోట, తాటికొయ్యతోను, వెదురుతోను, చేవగల యితర దారువులతోను, కొమ్ముతోను విండ్లు చేయుదురని యున్నది. నారికి చాగ, జిల్లేడు, జనుము, వెదురు, పశువుల నరములు మొదలగునవి పేర్కొనబడినవి. అగ్నిపురాణములోని ధనుర్వేదభాగము, కాలిబంటు పట్టు విల్లు నాలుగు మూరలైన నుత్తమమనియు, మూడున్నర యైన మధ్యమమనియు, మూడైన కనిష్ఠమనియు చెప్పుచున్నది. నాలుగు మూరలనగా ఆఱడుగులు, ఇంచుమించు నిలువెత్తు. అలెగ్జాండరుతో వచ్చిన నియార్కసు వ్రాతల నాధారముగా గొని అరియనను గ్రీకు గ్రంథకర్త, హిందూదేశపు కాలిబంట్ల విల్లు విలుకానియంత పొడవుండెననియు, వారు దానిని నేలకానించి యెడమపాదముతో నదిమి లాగుచుండిరనియు వ్రాసినాడు. కావున నిలువెత్తు విల్లు మనకు క్రొత్త గాదు. కాని మన వెదురు విండ్లు మన వానలకును చెదలకును నిలువలేదు. చేతితో తాకి కొలువదగిన సాక్ష్యము మనకు మిగులలేదు. ఇంగ్లండువారికి మిగిలినది. అది మిగిలిన విధము ముందు చెప్పెదను.

లోకములోని విండ్లన్నియు నొక్క తీరువి కావు. ఏ దేశపు విల్లు ఆ దేశపు గాలికిని నేలకును లోబడియే పుట్టినది. తురుష్కులు, మంగోలులు మొదలగు ఆశ్వికజాతులు పొట్టివిండ్లు పట్టిరి. నడుమ కఱ్ఱ, విలుకాని వైపున కొమ్ము, వెలుపలివైపున పశునరములు చేర్చి సరేసుతో నతికి, నెలల కొలది ఆరబెట్టి వానిని చేయుదురు. ఒక్కొక్కటి ముగియుటకు సంవత్సరము పట్టుటయు కలదు. గుఱ్ఱముపై నుండి యిటునటు త్రిప్పుటకు వీలైనది, పొట్టిదయ్యు మహాబలము గలది. కాని తడిసిన సరేసు సడలును. అందువలననే మొగలాయీల కాలమున మన దేశమున ఉక్కుతో గూడ విండ్లు చేసిరి. ఉక్కు విల్లు కొమ్మువింటియంత చుఱుకైనది కాకున్నను ఆయుధశాలలో నెన్నాళ్ళున్నను చెడదు. జపానువారి విల్లు ఏడడుగులకు మించియుండును. వెదురును కఱ్ఱను పొరలుగా నతికి చేయుదురు. పిడికిలి పట్టు నడుమ నుండక క్రిందినుండి మూడవ వంతున నుండును. ఇంగ్లండు తేమగల దేశము. అచ్చట సైన్యమునకు ముఖ్యాధారము కాలిబంటు. వానికి సరేసుతో పనిలేని, ఒకే మ్రానునుండి చెక్కిన నిలువెత్తు విల్లు తగినదయ్యెను.

ఆ విల్లు మొదట ఇంగ్లీషువారి చేతికంటె వారి పొరుగువారగు వేల్సువారి చేతిలో పేరుకెక్కినది. పండ్రెండవ శతాబ్దాంతమున జెరాల్డను మతాచార్యుడు వేల్సుదేశ మంతయు తిరిగి వ్రాసిన గ్రంథమున, గ్వెంటు ప్రాంతపువారి విండ్లు ఎల్ముకఱ్ఱతో చేసిన మోటువనియు, నునుపు లేనివనియు, అయినను వారి బాణములు అబెర్గవెన్నీ కోటలోని ఓకుతలుపును నాలుగు వ్రేళ్ళ మందము తూఱినవనియు చెప్పినాడు. చూడుడు! కఱ్ఱ సామాన్యమైనది, పనితనము మోటుది, దెబ్బ మాత్ర మసామాన్యము. ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన.

ఎల్ముకంటె, యాషుకంటె మేలైన కఱ్ఱ యూ యను వృక్షమునది. ఇది యెల్లప్పుడు పచ్చగానుండు చెట్టు. మిక్కిలి నెమ్మదిగా పెరుగును. దీనిజాతి మన హిమాలయములందును కలదు. 1991లో ఆల్ప్సు పర్వతముల మంచులో 5,300 ఏండ్లనాటి మనుష్యుని శవ మొకటి దొరకినది. వానియొద్ద నుండిన విల్లు, ఇంకను చెక్కుట ముగియనిది, ఆఱడుగుల యూకఱ్ఱయే. దీని గుణమును అంత ప్రాచీనకాలపు మానవుడే యెఱిగియుండెనన్నమాట.

ఆ గుణ మేమో కావడిబద్దను చూచినవారికి సులభముగా తెలియును. బరువునకు బద్ద వంగినపుడు దాని పైతలము సాగును, క్రిందితలము నొక్కుకొనును. వింటియందును అట్లే, విలుకానికి ఎదుటివైపుతలము సాగును, అతనివైపుతలము నొక్కుకొనును. సాగుటకు పనికివచ్చు కఱ్ఱ వేఱు, నొక్కుడునకు తాళు కఱ్ఱ వేఱు. తురుష్కులు నరములను కొమ్మును తెచ్చి యతికినది యిందుకొఱకే. యూచెట్టునందు ప్రకృతి యీ రెండింటిని తానే యతికి యుంచినది. బెరడుక్రింద నుండు తెల్లకఱ్ఱ సాగును గాని తెగదు. లోపలి యెఱ్ఱనిచేవ నొక్కుకొని మరల విచ్చుకొనును. రెండు నొకచో కలియుచోటును చూచి బద్దను చీల్చి, తెల్లకఱ్ఱ వెలుపలికిని చేవ లోపలికిని వచ్చునట్లు చెక్కినయెడల, సరేసు లేకయే రెండుపొరల విల్లు సిద్ధమగును. నడుమ లావుగను, కొనలకు పోను పోను సన్నముగను, వెలుపలితలము చదునుగను, లోపలితలము గుండ్రముగను దానిని తీర్తురు. కొనలకు కొమ్ముతొడుగులు వేసి, జనుపజాతి నారత్రాటిని నారిగా కట్టుదురు.

చెప్పుట సులభము. చేయుట యొక జీవితకాలపు విద్య. కఱ్ఱలోని ఈనెలు ఎట్లు పోయిన నుళి యట్లే పోవలెను. తెల్లపొర ఎగుడుదిగుడుగా నున్న నా యెగుడుదిగుడులనే యనుసరింపవలెను. ముడి వచ్చినచోట చుట్టును కొంచె మెక్కువ కఱ్ఱ విడువవలెను. నునుపుకొఱకు ముడిని తెగచెక్కినచో విల్లు అక్కడనే విఱుగును. ఆ పనియు బాణముల పనియు వేఱువేఱు విద్యలని యెంచి, లండను నగరమున వింటిపనివారును బాణముల పనివారును 1371లో రెండు శ్రేణులుగా విడిపోయిరి. ఒకరిపని నొకరు చేయరాదు. మన కుమ్మరి కంసాలుల వృత్తిమర్యాద వంటిదే యిది.

మంచివింటిని కొనుట యెట్లో చెప్పిన గ్రంథము ఇంగ్లీషున 1545లో వెలువడినది. దాని పేరు 'టాక్సోఫిలసు'. వ్రాసినవాడు రోజరు ఆస్కము, కేంబ్రిడ్జి విద్యాపీఠపు పండితుడు, తరువాత ఎలిజబెత్తు రాకుమారికి గురువైనవాడు. గ్రీకు లాటిను భాషలందు ప్రవీణు డయ్యును, సామాన్యులకు తెలియవలెనని దేశభాషలో వ్రాసినాడు. గురుశిష్యులవలె నిద్దఱు మాటాడుకొనునట్లు గ్రంథము నడుచును. ఉపాధ్యాయుడనగుటచే నా కాతనియందు గౌరవ మధికము. వింటిపరీక్ష నాతడు చెప్పిన రీతిలోని సారాంశమిది: కొమ్మనుండి తీసిన విల్లు ముడులమయమై బలహీనమగును, లేతచెట్టునుండి తీసినది చుఱుకైనదే, మ్రాను బోదెనుండి తీసినదే ఉత్తమము. అంగడిలో విల్లు సన్నముగను, పొడవుగను, బరువుగను, గట్టిగను, మెలిక లేక తిన్నగను, ముడియు పగులును లేకయు నున్న దానిని కొనవలెను. కొన్నంతమాత్రమున చాలదు. దానిని పొలమునకు గొనిపోయి బరువైన బాణములతో కొన్నాళ్ళు వాడి, ఎచ్చట నెక్కువగా వంగుచున్నదో కనిపెట్టి, మరల పనివానియొద్దకు తెచ్చి సవరింపించుకొనవలెను. పనివాడు సగము చేయును, వాడువాడు తక్కిన సగము చేయించుకొనునని ఫలితార్థము.

ఇక వెలలమాట. నాలుగవ ఎడ్వర్డు కాలమున 1482లో నిడువింటి వెల 3 షిల్లింగుల 4 పెన్నీలు మించరాదని శాసనము పుట్టినది. షిల్లింగునకు 12 పెన్నీలు కావున అది 40 పెన్నీలు. ఎలిజబెత్తు రాణి 1566లో చేసిన శాసనము విండ్లను తరగతులుగా విభజించినది. పరదేశపు యూకఱ్ఱతో చేసిన మేలురకపు వింటికి 6 షిల్లింగుల 8 పెన్నీలు, అనగా 80 పెన్నీలు. రెండవరకమునకు 40 పెన్నీలు. మోటురకమునకును, స్వదేశపు యూకఱ్ఱతో చేసిన దానికిని 2 షిల్లింగులు, అనగా 24 పెన్నీలు. లండనులోని ప్రతి వింటిపనివాడును ఎల్ము, హేజెలు, యాషు మొదలగు చౌకకఱ్ఱల విండ్లు 50 ఎల్లప్పు డంగడిలో నుంచవలెననియు నందు కలదు. పేదవాడు వింటికి దూరము కారాదని రాజ్యము తలంపు.

తన దేశమున యూచెట్లుండగా పరదేశపు కఱ్ఱకు మూడింతలకు పైగా వెల యేల? సమాధానము చెట్టు ఎదిగిన తావున నున్నది. ఇంగ్లండు పల్లపునేలలలో యూచెట్టు తేమకు గుబురుగను వంకరగను పెరుగును. ఎత్తైన చల్లని కొండలలో నది తిన్నగా, నెమ్మదిగా పెరుగును. ఏటేటి వలయములు దగ్గఱగా పడును. కఱ్ఱ బిగువుగా నుండును. మెట్టచేనిలో నెదిగిన వేపకును, కాలువగట్టున నెదిగిన వేపకును గల భేదము వడ్రంగి యెఱుగునుగదా! అందుచేత వింటిబద్దలు స్పెయిను, ఇటలీ, ఆల్ప్సు ప్రాంతములనుండి ఓడలలో రావలసివచ్చెను. వర్తకులు వానిని తేక యశ్రద్ధ చేయగా, 1472 నాటి శాసనము ఓడలో దిగు ప్రతి టన్ను సరకునకును నాలుగేసి వింటిబద్దలు తేవలెనని నిర్బంధించినది. 1484లో మూడవ రిచర్డు ప్రభుత్వము, దిగుమతియగు మామ్జీ ద్రాక్షాసవపు పీపాయి యొక్కింటికి పది బద్దలు తోడు తేవలెనని విధించినది. ఫలితముగా మధ్యయూరోపుకొండలలోని యూవనములు పదునాఱవ శతాబ్దమున తఱిగిపోయెను. నూఱేండ్లలో జానెడు లావెక్కని చెట్టును ఏటేట వేలకొలది నఱికినచో మిగులు నది యేమి?

యుద్ధములను గూర్చి వేయిగ్రంథము లున్నవి కాన సంక్షేపముగా చెప్పెదను. 1346 ఆగస్టు 26వ తేదీని ఫ్రాన్సులోని క్రెసీయొద్ద ఇంగ్లీషు విలుకాండ్రు జినోవానగరపు కూలిసైనికులను ఎదుర్కొనిరి. వారివి అడ్డకఱ్ఱపై బిగించి మీటతో విడుచు విండ్లు. గుఱిలోను బలములోను తక్కువవి కావు. కాని వాడు మరల బిగించునంతలో నిడువిల్లు పట్టినవాడు మూడు నాలుగు బాణములు విడువగలడు. 1415 అక్టోబరు 25వ తేదీని అజింకోరునొద్ద అయిదవ హెన్రీ సైన్యములో నాలుగింట మూడువంతులకు మించి విలుకాండ్రే. వానకు తడిసిన దుక్కినేలలో, ఇరుప్రక్కల అడవులున్న యిఱుకుతావున, ఇనుపకవచములతో దిగబడిన ఫ్రెంచి ప్రభువులు వీరి ముందు నిలువలేకపోయిరి. ఆ విలుకాండ్రు ప్రభువులు కారు; పొలముదున్నువారు, చేతివృత్తులవారు. వారి దినబత్తెము 6 పెన్నీలు.

అయితే వీ రెట్లు తయారైరి? ఇచ్చటనే మన ప్రశ్నకు అసలైన సమాధానము మొదలగుచున్నది. 1363లో మూడవ ఎడ్వర్డు రాజు, పండుగదినములలో శక్తిగల ప్రతివాడును వింటితో సాధన చేయవలెననియు, కాలిబంతి, కోడిపందెములు మొదలగువానిని మానవలెననియు ఆజ్ఞాపించెను. 1541లో ఎనిమిదవ హెన్రీ చేసిన శాసనము ఇంకను ముందుకుపోయినది. ఏడేండ్లనుండి పదునేడేండ్ల వఱకు గల కుమారుడున్న ప్రతి తండ్రియు వానికొక విల్లును రెండు బాణములను ఇంట నుంచి నేర్పవలెను. ఆపై వయసువాడు తనకై విల్లును నాలుగు బాణములను ఉంచుకొనవలెను. ఇరువదినాలుగేండ్లు దాటినవాడు 220 గజములకు తక్కువదూరపు గుఱిని కొట్టరాదు. అది బాలుర యాట యని దాని భావము.

ఈ శిక్షణ యింటిలో నెట్లు జరిగెనో లాటిమరను మతాచార్యుడు 1549లో ఆఱవ ఎడ్వర్డు రాజునెదుట చేసిన ప్రసంగమున చెప్పినాడు. ఆతని తండ్రి కౌలుభూమి సాగుచేసిన రైతు. ఆ తండ్రి కుమారునకు చేతిబలముతో గాక దేహమునంతయు వింటిమీద మోపి లాగుట నేర్పినాడు. వాని వయసును బలమును చూచి తగిన విల్లు కొనియిచ్చినాడు. వాడు పెరిగినకొలది వింటిని పెద్దది చేసినాడు. ఏడేండ్లవాడు తన వింటితో మొదలుపెట్టి ఇరువదేండ్లకు యుద్ధపువింటిని చేరుకొనుచుండెను. నడుమ మెట్టు దాటరాదు. బరువైన వింటిని ముందే యిచ్చినచో భుజము చెడును. తేలికవిల్లే యెప్పటికి నిచ్చినచో బలము రాదు. అక్షరములు, గుణింతములు, పదములు, పద్యములు అను క్రమమున చదువు చెప్పిన మాబోటి వారికి ఆ తండ్రి పద్ధతి గొప్ప శాస్త్రముగా దోచును.

ఆ యుద్ధపువింటి బల మెంతయో చాలకాలము లోకమునకు తెలియదు. నాటి విండ్లు చేతివ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలియుండెను. ఆ లోటును ఒక దుర్ఘటన తీర్చినది. 'మేరీ రోసు' అను రాజనౌక 1545 జూలై 19వ తేదీని ఫ్రెంచి ఓడలతో పోరుచు, ఇంగ్లండు దక్షిణతీరమున వైటుద్వీపమునకు ఎదురుగా ప్రక్కకు వాలి, ఫిరంగికంతల గుండ నీరు చొచ్చి మునిగిపోయెను. నాలుగువందలమందికి పైగా నుండిన యోడలో బ్రతికినవారు ముప్పదియైదుగురికి లోపు. ఆస్కము గ్రంథము వెలువడినదియు ఆ యేడే. ఆ యోడ బురదలో కప్పబడి 437 ఏండ్లుండి, 1982 అక్టోబరు 11వ తేదీని పైకి తీయబడెను. గాలి సోకని బురద కఱ్ఱను కాపాడినది. 172 విండ్లును, 3,500కు పైగా బాణములును దొరకినవి. ఆ యోడయు ఆ విండ్లును నేడు పోర్ట్‌స్మతు రేవులోని ప్రదర్శనశాలలో నున్నవి.

ఆ విండ్ల పొడవు 6 అడుగుల 2 అంగుళములు మొదలు 6 అడుగుల 11 అంగుళముల వఱకు. అన్నియు యూకఱ్ఱవే; దగ్గఱ వలయముల మేలుకఱ్ఱ. వానిని కొలిచి, అట్టి విండ్లనే మరల చేసి పరీక్షింపగా, పూర్తిగా లాగుటకు 100 మొదలు 185 పౌనుల వఱకు బలము కావలెనని తేలినది. ఎక్కువభాగము 150 పౌనుల చుట్టుపట్లవి. 150 పౌనులనగా 68 కిలోలు. మన 75 కిలోల ధాన్యపుబస్తాకు కొంచెము తక్కువ. ఆ బరువును మూడువ్రేళ్ళతో చెవివఱకు లాగి, నిమిషమునకు ఆఱేడుసార్లు, తిరిగి తిరిగి లాగవలెను! ఆ యోడలో దొరకిన యస్థిపంజరములను పరీక్షించినవారు మఱియొక విశేషమును కనిపెట్టిరి. పెరుగుచున్న వయసున అతుకవలసిన భుజాగ్రపుటెముక యొకటి పలువురయందు అతుకలేదు. బాల్యమునుండి బరువైన విల్లు లాగుటచే నిట్లయియుండునని పరిశోధకుల యభిప్రాయము. వింటిని మనుష్యునకు తగినట్లు చెక్కినారు. విల్లు మనుష్యుని తనకు తగినట్లు చెక్కినది.

ఇంతటి విద్య యెట్లు పోయినది? తుపాకి వింటికంటె మేలైనది కాబట్టి పోయినదని పెక్కుర తలంపు. ఆనాటి తుపాకి గుఱి తప్పును, నింపుటకు నిమిషము పట్టును, వానకు మందు తడియును. 1590లో సర్ జాన్ స్మైతను వృద్ధసైనికు డీ లోపముల నెల్ల నెత్తిచూపి, వింటిని విడువరాదని గ్రంథము వ్రాసినాడు. ప్రభుత్వ మా గ్రంథమును అణచివేసినది. 1595లో రాణిగారి మంత్రిసభ, శిక్షణపొందు దళములలో విలుకాండ్రను ఇక లెక్కలోనికి తీసికొనరాదని నిర్ణయించినది. తుపాకి పక్షమువారి వాదములో నొక్కటి మాత్రము త్రోసివేయరానిది: ఆఁకలిచే రోగముచే కృశించిన విలుకాని బాణమును కృశించును, తుపాకిగుండు కృశింపదు. మఱియు తుపాకి పట్టువానిని కొన్ని వారములలో తయారుచేయవచ్చును. విలుకానికి పదేండ్లు కావలెను. అప్పటికే గ్రామములలో పండుగసాధన తగ్గినది. పాచికలు, బంతులు, బోగములు పెరిగినవని శాసనములే వాపోవుచున్నవి. ఒక్క తరము తండ్రులు కుమారులకు చిన్నవిల్లు కొనియీయక మానినంతనే, తరువాతి తరమున పెద్దవిల్లు లాగువాడు లేకపోయెను. అప్పుడు 80 పెన్నీల మేలువింటికిని 24 పెన్నీల మోటువింటికిని భేదము గోడకు తగిలించిన తరువాత నేమి?

దీనికి నిదర్శనముగా మఱియొక ముచ్చట. 1776లో అమెరికావారు స్వాతంత్ర్యమునకై పోరాడుచున్నపుడు తుపాకిమందు కొఱతపడినది. ప్రఖ్యాతుడగు బెంజమిను ఫ్రాంక్లిను, సేనాని చార్లెసు లీకు లేఖ వ్రాయుచు, మరల విండ్లు పట్టుద మన్నాడు. తుపాకి యొక్కమాఱు ప్రేలునంతలో నాలుగు బాణములు విడువవచ్చును. పొగ కన్నులకు కమ్మదు. వచ్చు బాణములవాన శత్రువు ధైర్యమును హరించును. ఇవి యాతడు చూపిన కారణములు. ప్రతిదియు నిజమే. విండ్లు కొన్ని నెలలలో చేయింపవచ్చును. విలుకాండ్రను ఎచ్చటనుండి తెప్పించుట? ఆ సూచన లేఖతోనే నిలిచినది.

యుద్ధమునుండి పోయిన విల్లు వినోదముగా బ్రతికినది. 1781లో సర్ ఆష్టను లీవరు లండనులో విలువిద్యాసంఘ మొకటి స్థాపించినాడు. ఆస్కము గ్రంథపుపేరే దానికిని పెట్టిరి. ఆ వినోదపు విండ్లు యుద్ధపు విండ్లలో మూడవవంతు బలమునవి. నేడును ఇంగ్లండునందు, తక్కిన దేశములందు, చేతితో నిడువిండ్లు చెక్కు పనివారున్నారు. కొన్నివిండ్లు వెనుకటివలె ఒకే యూమ్రానువి. మేలుకఱ్ఱ దొరకుట దుర్లభము కావున వీనివెల హెచ్చు. కొన్ని వేఱువేఱు కఱ్ఱల నతికినవి. సాగునట్టి వెలుపలితలమునకు హికరీ కఱ్ఱయో, మన వెదురుబద్దయో వేయుదురు. వెదురు సాగుటలో మేటి యని కౌటిల్యుని పనివా డెఱిగినదానిని వారును గ్రహించిరి. అతుకువిల్లు వాతావరణభేదమునకు నిలుచును, ఒక్క తీరున పనిచేయును; ఏకదారువు చేతికి మెత్తగా వచ్చును, కాని జాగ్రత్తతో వాడవలెను. రెంటిలో నేది మేలని యడిగినచో, తెలిసిన పనివాడు ముందుగా చూచునది కఱ్ఱను కాదు, కొనవచ్చినవానిని. చేయి చాచి బాణమెంత పొడవు లాగగలడో కొలుచును. ఎంత బరువు తడబడక లాగగలడో చూచును. అంతకు తగినట్లు చెక్కును. లాటిమరు తండ్రి చేసినదియు నిదియే.

ఇప్పుడు మన మొదటిప్రశ్నకు వత్తము. మేలైన విల్లేది? కొండమీద నెమ్మదిగా పెరిగిన కఱ్ఱ, ఈనెను విడువని యుళి, పట్టువాని బలమునకు సరిపోవు కొలత: ఈ మూడును కలిసినది మేలైన విల్లు. మొదటి రెంటికి రాజులు వెల కట్టగలిగిరి, ఓడలతో తెప్పింపగలిగిరి. మూడవది మాత్రము ఏ యంగడిలోను దొరకలేదు. గ్వెంటువారి మోటు ఎల్మువిల్లు ఓకుతలుపు తూఱినదన్న మాట జ్ఞాపకమున్నది కదా! దానివెనుక పదేండ్ల భుజ మున్నది. మేలురకపు యూవిండ్లు వందలకొలది ఆయుధశాలలలో మిగిలియున్న నాడే ఇంగ్లండు తన విలువిద్యను పోగొట్టుకొన్నది. వెనుక భుజము లేదు.

మన గ్రామములందును మగ్గము, ఉలి, సారె, మృదంగము, ఇట్టి విద్య లెన్నియో తండ్రిచేతినుండి కొడుకుచేతికి చిన్నమెట్టునుండి పెద్దమెట్టునకు నడచినవి. పనిముట్టును సంగ్రహాలయమున దాచవచ్చును. అది ఓడతో మునిగినను నాలుగువందల యేండ్లకు తేలవచ్చును. దానిని పట్టు చేయి ఒక్క తరము తప్పినచో తేలదు. ఇంట చిన్నవాడున్న పెద్దలు తమకు వచ్చిన విద్యలో వాని వయసునకు తగిన చిన్నవింటి నొక్కదానిని వానిచేత పెట్టుదురు గాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.